కంజూరింగ్ మొదటిదా, రెండోదా? కేబిన్ కిటికీలోంచి చూసినవాడి జవాబు

ఒంగోలు తమ్ముడు అడిగిన ప్రశ్న ముందు చెప్తాను. కంజూరింగ్ 2 అనే ఇంగ్లీషు దయ్యం సినిమా వాళ్ళ బావ ఇంట్లో పెద్ద టీవీలో, రాత్రిపూట చూశాడట. రెండు రోజులు నిద్ర పట్టలేదు. అందరూ మొదటిదే గొప్ప అంటుంటే మొన్న పినాకిని రైల్లో విజయవాడ పోతూ మొదటి భాగం ఫోన్లో చూశాడు. "చప్పట్లు, తలుపులు, పిట్టలు, ఇంతేనా అన్నా? నాలోనే తేడా ఉందా, లేక జనం ఊరికే పాత సినిమాని మోస్తున్నారా?" అని అడిగాడు.

తేడా నీలో లేదు తమ్ముడూ. సగం పినాకినిలో ఉంది, మిగతా సగం ఆ రెండు సినిమాలు తీసిన పద్ధతిలో ఉంది.

నేను నెల్లూరులో ఒక థియేటర్లో పంతొమ్మిదేళ్ళు ఆపరేటర్‌గా చేశాను. రీళ్ళు చుట్టిన కాలం నుంచి హార్డ్ డిస్క్ పెట్టి బటన్ నొక్కే కాలం దాకా. ఈ రెండు బొమ్మలూ నా చేత్తోనే వేశాను. కేబిన్లో ఉండేవాడు రెండు మూడు ఆటలయ్యాక తెర వైపు చూడటం మానేసి జనం వైపు చూస్తాడు. ఎక్కడ నవ్వుతారు, ఎక్కడ ఫోన్లు తీస్తారు, ఎక్కడ పక్కవాడి చెయ్యి పట్టుకుంటారు అన్నీ తెలిసిపోతాయి. నేను చెప్పేది ఆ లెక్కే.

ముక్కలో చెప్పాలంటే మొదటిది ఇంటితో భయపెడుతుంది, రెండోది మొహంతో భయపెడుతుంది. ఫోన్లో ఇల్లు పట్టదు. మొహం బాగానే పడుతుంది.

2013 ఆగస్టు గుర్తుందా? సమైక్యాంధ్ర బంద్‌లు. పెద్ద తెలుగు సినిమాలు వాయిదా పడ్డాయి, వెయ్యడానికి బొమ్మ లేదు. మా మేనేజరు "ఖాళీగా ఉండేదానికన్నా నయం" అని ఈ ఇంగ్లీషు బొమ్మ, మొదటి కంజూరింగ్, తెప్పించాడు. మొదటి రోజు ఫస్ట్ షోకి పట్టుమని అరవై మంది లేరు. ఆ అరవై మందిలో సగం ముందు అరగంటా గోల చేశారు. దయ్యం ఎప్పుడొస్తుందిరా అని ఒకడు, పల్లీలు తింటూ ఇంకొకడు. నాకూ విసుగేసింది. తర్వాత అర్థమైంది, తప్పు మా హాల్లో ఉందని.

హాలు సౌండ్ నడిపే డాల్బీ ప్రాసెసర్ మీద ఫేడర్ అని సౌండ్ పెంచి తగ్గించేది ఒకటి ఉంటుంది. అది 7 దగ్గర పెడితే సినిమాకి మిక్సింగ్ చేసినవాళ్ళు ఏ స్థాయిలో విన్నారో హాల్లోనూ అదే వినపడుతుంది. హాలుని ఆ లెక్కకే ట్యూన్ చేస్తారు. మన దగ్గర 7లో పెట్టేవాళ్ళు తక్కువ. పాటలకీ ఫైట్లకీ చెవులు పోతున్నాయని జనం గోల పెడతారు, మేనేజరు 5కి దించమంటాడు, అక్కడే ఉండిపోతుంది. మామూలు సినిమాకి పర్లేదు. ఈ సినిమాలో సగం సౌండ్ గుసగుసలు, చెక్క మెట్ల కిర్రు, పక్కగదిలో ఎవరో కదిలినట్టుండే అలికిడి. 5లో పెడితే అదంతా మా సీలింగ్ ఫ్యాన్ల రొదలో కలిసిపోయింది. జనానికి వినపడిందల్లా మధ్యమధ్యలో ఢామ్మని పడే తలుపు.

మర్నాడు మ్యాట్నీకి మేనేజరుకి చెప్పకుండా ఫేడర్ ఆరున్నరకి పెట్టాను. అంతేకాదు, కింద టార్చిలైటు పట్టుకుని సీట్లు చూపించే కుర్రాడికి ఒక పని చెప్పాను. తల్లి సెల్లార్లోకి దిగే సీన్ రాగానే హాలు ఫ్యాన్లు కట్టెయ్యమన్నాను.

ఆ సీన్ నీకు గుర్తుండాలి. ఆమె పేరు కరోలిన్. చప్పుడైతే ఏంటో చూద్దామని వస్తుంది, సెల్లార్ తలుపు వెనక మూసుకుంటుంది, బల్బు పేలిపోతుంది. అగ్గిపెట్టె ఒక్కటే దిక్కు. ఒక పుల్ల గీస్తుంది, వెలిగినంతసేపే మనకీ కనపడుతుంది. అప్పుడు చీకట్లోంచి ఒక గొంతు ఆడుకుందామా అని అడుగుతుంది. ఆమె తల పక్కనే చీకట్లోంచి రెండు చేతులొచ్చి చప్పట్లు కొడతాయి. అంతే. దయ్యం మొహం లేదు, రక్తం లేదు.

ఆగస్టు ఉక్కలో ఫ్యాన్లు ఆగిపోతే మామూలుగా మా హాల్లో ఈలలు లేస్తాయి. ఆ రోజు ఒక్క ఈల లేదు. పల్లీల పొట్లం చప్పుడు కూడా ఆగింది. చప్పట్లు పడగానే బాల్కనీ మొదటి వరసలో ఒక పెద్దాయన లేచి నిలబడిపోయి, మళ్ళీ ఏమీ ఎరగనట్టు పంచె సర్దుకుని కూర్చున్నాడు. ఇంటర్వెల్లో మేనేజరు పైకొచ్చి "కరెంటు పోయిందా?" అంటే "లేదు సార్, సినిమాలోనే" అన్నాను.

ఇప్పుడు నువ్వు చూసిన తీరు ఆలోచించు. రైల్లో, కిటికీ వెలుతురు ఫోన్ అద్దం మీద పడుతూ, టీ టీ అని ఒకడు, సమోసా అని ఒకడు. ఆ అగ్గిపుల్ల సీన్ నీకు నల్ల తెరలాగే కనపడి ఉంటుంది. అందులో నీ మొహమే కనపడి ఉంటుంది కూడా.

ఇక ఇంటి సంగతి. మొదటి సినిమాలో అసలు కథ మొదలయ్యేటప్పుడు పెరాన్ కుటుంబం అమెరికాలోని రోడ్ ఐలాండ్‌లో హారిస్‌విల్ అనే చోట పాత ఫార్మ్‌హౌస్‌లోకి దిగుతుంది. 1971. అయిదుగురు ఆడపిల్లలు. సామాన్లు దించే రోజు కెమెరా వాళ్ళ వెంట గది గదికీ తిరుగుతుంది. వంటిల్లు ఎటు, మెట్లు ఎటు, బీరువా ఏ గోడకి ఉంది, బయట చెట్టు, చెరువు ఎక్కడ, అన్నీ మనకి తెలియకుండానే బుర్రలో ప్లాను గీసి పెడతాడు డైరెక్టర్ జేమ్స్ వాన్. ఆ తర్వాత ఒక్కో మూలనీ వాడుకుంటాడు. రాత్రి ఒక పిల్ల కాలు ఎవరో లాగుతారు. ఆ పిల్ల మంచం కింద చూస్తుంది, ఏమీ లేదు. తలెత్తి తలుపు వెనక మూలకి చూసి బిగుసుకుపోతుంది. మనకి అక్కడ చీకటి తప్ప ఏమీ కనపడదు. అక్క "ఎవరూ లేరే" అంటూ వెళ్ళి సరిగ్గా ఆ మూలలోనే నిలబడుతుంది. చెల్లి వణుకుతూ అంటుంది, అది నీ వెనకే నిలబడి ఉందని. ఆ సీన్లో హాలు హాలంతా కళ్ళు చిట్లించి ఆ మూలలోకే చూడటం నేను పైనుంచి చూశాను. ఏమీ లేని చోట అంతమందీ ఏదో వెతుక్కుంటున్నారు. అదీ పనితనం అంటే.

సినిమాలో రక్తపాతం పెద్దగా లేదు, బూతు లేదు. అయినా అమెరికాలో పిల్లలకి పనికిరాదని ఆర్ రేటింగ్ ఇచ్చారు, మరీ భయంగా ఉందని.

నా మీద దాని దెబ్బ ఎలా పడిందో చెప్తాను. మాది కోవూరు. సెకండ్ షో అయ్యాక పెన్నా బ్రిడ్జి మీద బండేసుకుని పోవాలి. పన్నెండున్నరకి బ్రిడ్జి మీద లారీలు తప్ప మనిషి ఉండడు. అక్కడ ఏనాడూ భయపడలేదు. ఇంటికెళ్ళాకే వచ్చింది చిక్కు. మాది మా అవ్వ కట్టించిన పెంకుటిల్లు. నడవ చివర మొలగొలుకుల బస్తాలు వేసే కొట్టుగది ఉంది. చిన్నప్పటినుంచీ ఆ గది తలుపు సరిగా పడదు, గాలికి కొట్టుకుంటుంది. పుట్టి బుద్ధెరిగి ఆ చప్పుడు పట్టించుకోలేదు. ఆ వారం మాత్రం ఆ తలుపుకి సైకిల్ ట్యూబు కట్టి పడుకున్నాను. మా ఆవిడ అడిగితే పందికొక్కులన్నాను.

మొదటి సినిమా చేసే పని అదే. నీ ఇంట్లోనే నీకు తెలియని మూల ఒకటి ఉందనిపిస్తుంది.

రెండోది 2016 జూన్‌లో వచ్చింది. అప్పటికి మొదటిదాని పేరు మోగిపోయి ఉంది, హాలు నిండింది. మధ్యలో వాన్ కార్ల సినిమా ఒకటి తీసి పెద్ద డైరెక్టర్ అయిపోయాడు. మొదటిది రెండు కోట్ల డాలర్లలో తీస్తే, రెండోదానికి నాలుగు కోట్లు. చిత్రం ఏంటంటే వసూలు మాత్రం రెండింటికీ ఇంచుమించు ఒకటే, 32 కోట్ల డాలర్లు. నిడివి 112 నిమిషాల నుంచి 134కి పెరిగింది. ఆ పెరిగిన ఇరవై రెండు నిమిషాలు ఎక్కడ పోయాయో వెతికితే ఈ రెండు సినిమాల మధ్య తేడా మొత్తం దొరుకుతుంది.

ఈసారి ఇల్లు లండన్ ఉత్తరాన ఎన్‌ఫీల్డ్‌లో. 1977. సర్కారు అద్దె ఇల్లు, వరసలో ఒకటి, ఎదురుగా పక్కింటివాళ్ళు. మొగుడు వదిలేసి పోయిన పెగ్గీ, నలుగురు పిల్లలు. పిల్లాడికి బిస్కెట్లు కొనడానికి కూడా లెక్క చూసుకునే ఇల్లు. ఈ కుటుంబం నాకు మొదటి సినిమా కుటుంబం కన్నా ఎక్కువ గుర్తుంది. అక్కడి అయిదుగురు పిల్లల్లో ఏ పిల్ల ఎవరో సినిమా అయ్యేదాకా కలగలిసిపోతారు. ఇక్కడ జానెట్ ఒక్కతి చాలు. పదకొండేళ్ళ పిల్ల, తనని ఎవరూ నమ్మకపోతే ఎలా ముడుచుకుపోతుందో ఆ పిల్ల నటి మాడిసన్ వోల్ఫ్ చూపించింది.

కానీ ఇంటి ప్లాను మాత్రం చెప్పమంటే చెప్పలేను. ఇక్కడా కెమెరా కిటికీలోంచి దూరి గదులు చూపిస్తుంది, అయినా ఇల్లు బుర్రలో నిలవదు. ఎందుకంటే దయ్యాలన్నీ ఆ ఇంటివి కావు. ఆ ఇంట్లోనే చచ్చిపోయిన ముసలి బిల్ విల్కిన్స్ ఉన్నాడు, వాడి వెనక నన్ వేషంలో వాలక్ అనే రాక్షసి ఉంది, మధ్యలో వంకర మనిషి ఒకడు. ఎవరి తలుపు ఎక్కడో, ఎవరు ఎందుకొచ్చారో అర్థమయ్యేసరికి గంట గడుస్తుంది. నన్ అయితే అమెరికాలో వారెన్ వాళ్ళింట్లో కూడా కనిపిస్తుంది (ఎడ్, లొరెయిన్ వారెన్ అని, రెండు సినిమాల్లోనూ దయ్యాల కేసులు చూసే మొగుడూ పెళ్ళాలు). ఇల్లుతో పనే లేదు దానికి.

ఆ నన్ మొహం ఇంటర్వెల్‌లో జనం మాట్లాడుకున్న ఒకే ఒక్క విషయం. నిన్ను రెండు రోజులు నిద్రపోనివ్వనిది కూడా అదే అని పందెం కాస్తాను. షూటింగ్ అయిపోయాక, ముందు అనుకున్న కొమ్ముల రాక్షసిని తీసేసి, మళ్ళీ షూట్ చేసి దీన్ని పెట్టారు. బానీ ఆరన్స్ అనే నటి. మంచి ఆలోచనే, వ్యాపారానికి ఇంకా మంచిది. 2018లో ఆ మొహం మీదే విడిగా ఒక సినిమా తీశారు. నాకు వచ్చిన తంటా వేరు. మా అమ్మాయి అప్పుడు కాన్వెంట్లో అయిదో క్లాసు. సినిమా చూపించలేదు, థియేటర్ బయట పోస్టర్ చూసిందంతే. సోమవారం పొద్దున "సిస్టర్ ఉంటుంది, నేను పోను" అని మొండికేసింది. పాపం ఆ సిస్టర్ ఎంత మంచిదో, పరీక్షలప్పుడు పిల్లలకి తనే పెన్సిళ్ళు చెక్కిపెట్టేది.

వంకర మనిషి గురించి ఒక్క మాటే. నిజం నటుడే వేశాడు, హావియర్ బోతెత్ అని, శరీరం సన్నగా పొడుగ్గా ఉంటుంది. అయినా తెర మీద కంప్యూటర్ బొమ్మలాగే ఉంది. మా బెంచీ జనం నవ్వారు. దయ్యాన్ని చూసి ఒకసారి నవ్వితే ఆ ఆటలో మళ్ళీ భయపడరు. ఆపరేటర్లందరికీ తెలిసిన సంగతే ఇది.

ఇంత అన్నాక నేనే ఇంకో మాట ఒప్పుకోవాలి. రెండు సినిమాల్లోనూ కలిపి అన్నిటికన్నా గొప్ప సీను రెండోదాంట్లోనే ఉంది. విల్కిన్స్ తనని చూస్తుంటే మాట్లాడనంటాడు. ఎడ్ వారెన్, మిగతావాళ్ళు వీపు తిప్పి కూర్చుంటారు. జానెట్ నోట్లో నీళ్ళు పోసుకుని కూర్చుంటుంది, గొంతు ఆమె చెయ్యట్లేదని తేల్చడానికి. కెమెరా ఎడ్ మొహం మీదే ఉంటుంది. వెనక పిల్ల మసకగా, ఫోకస్ లేకుండా. ముసలి గొంతు మొదలవుతుంది. వెనకున్న ఆ మసక ఆకారం పిల్లలా ఉందా, ముసలాడిలా ఉందా అని తేలదు. కట్ లేదు, ఢాం అనే మ్యూజిక్ లేదు. మొదటి ఆట రోజు నేనే ఫోకస్ పోయిందేమోనని లెన్స్ మీద చెయ్యి వేశాను! ఎడ్ మొహం సూదిలా ఉండటం చూసి చెయ్యి తీశాను. ఏళ్ళ తరబడి ఫోకస్ సరిచేసినవాణ్ణి కూడా బుట్టలో వేసిన సీను అది.

ఇంకొకటి, ఎడ్ గిటార్ పట్టుకుని ఎల్విస్ పాట పాడే సీను. కథ ఆగిపోతుంది, దయ్యం లేదు, పిల్లలు కలిసి పాడుకుంటారు. ఇక్కడ మా జనం బయటికి పోతారనుకున్నాను, పోలేదు. ఆ ఇరవై రెండు నిమిషాల్లో కొంత ఇక్కడికి పోయింది, నాకు దండగ అనిపించలేదు. మిగతాది నన్ ముడి విప్పడానికి పోయింది, అదే బరువు.

ఇద్దరు వారెన్ల సంగతి రెండు సినిమాల్లో చాలా మారింది. మొదటిదాంట్లో వాళ్ళు వైద్యుల్లాంటివాళ్ళు. సినిమా సగానికి దగ్గరపడ్డాక పెరాన్ ఇంటికి వస్తారు, జబ్బు ఏంటో చెప్తారు. ఇల్లు వదిలేసి పోతే సరిపోదా అంటే, చెప్పుకి అంటుకున్న బబుల్‌గమ్ లాంటిదది, ఎక్కడికెళ్ళినా వెంటే వస్తుందంటారు. ఎంత మామూలు మాట, ఎంత బాగా పని చేసిందో. రెండోదాంట్లో వాళ్ళే హీరోలు. ఎడ్ చచ్చిపోతాడేమోనని లొరెయిన్ భయం, అదే అసలు కథ.

క్లైమాక్స్ దగ్గర పెట్టుకుని చూడు. మొదటిదాంట్లో పూనింది తల్లికి. తిరగబడేది కూడా తల్లే. లొరెయిన్ ఆమెకి గుర్తు చేసేది ఒక్కటే, కుటుంబమంతా సముద్రం ఒడ్డున గడిపిన ఒక రోజు. ఆ జ్ఞాపకం పట్టుకుని కరోలిన్ తనే పైకి తేలుతుంది. మొగుడు పక్కనే ఉంటాడు. రెండోదాంట్లో తల్లి, మిగతా పిల్లలు ఇంటి బయట వానలో నిలబడి తలుపు కొడుతుంటారు. లోపల వారెన్లు. రాక్షసి పేరు పలికితే సరి, అది నరకానికి పోతుంది. ఆ పేరు అక్షరాలు వారెన్ల ఇంట్లో అల్మరాలోనూ కిటికీ దగ్గరా ముందే పెట్టి ఉంచారు, రెండోసారి చూస్తే దొరుకుతాయి, సరదాగానే ఉంటుంది. కానీ అది పాస్‌వర్డ్ కనుక్కోవడం లాంటిది. పెగ్గీ చేసిందేముంది అందులో? అంతసేపూ ఆ తల్లిని అంత బాగా చూపించి చివర్లో వాకిట్లో నిలబెట్టడం నాకు ఇప్పటికీ మింగుడుపడదు.

నిజంగా జరిగిందన్న మాట గురించి కూడా అడిగావు. రెండింటికీ అసలు మనుషులున్నారు, కానీ సినిమా చూపించినట్టు కాదు. పెరాన్ కుటుంబం ఆ ఇంట్లోనే 1980 దాకా ఉంది. ఒక్క రాత్రి పూజతో అంతా తేలిపోలేదు. సినిమాలో దయ్యంగా చూపించిన బత్‌షీబా అనే ఆవిడ ఆ ఊళ్ళో నిజంగా ఉండేది, సినిమాలో చెప్పినట్టు ఉరేసుకోలేదు, 1885లో ముసలితనంలో పోయింది. మంత్రగత్తె అనడానికి రుజువు లేదు. చనిపోయిన మనిషి మీద అంత మచ్చ వెయ్యడం నాకు నచ్చలేదు. ఎన్‌ఫీల్డ్‌లో అయితే వారెన్లు చేసింది చాలా తక్కువ, అసలు నెలల తరబడి ఆ ఇంట్లో కూర్చున్నది మారిస్ గ్రోస్, గై ప్లేఫెయిర్ అనే ఇద్దరు. కుర్చీ దానంతటదే జరగడం చూశానని ఒక మహిళా కానిస్టేబుల్ సంతకం పెట్టి ఇచ్చింది. అదే పిల్ల జానెట్ పెద్దయ్యాక, రెండు శాతం మేమే చేశామని ఒప్పుకుంది. ఈ అనుమానాన్ని సినిమాలోకి తేవడం రెండోదాని ధైర్యం. పిల్ల నటిస్తోందా అని మనల్నీ కాసేపు ఊగిస్తుంది. ఆ ఊగిసలాట చివరిదాకా ఉంచి ఉంటే నేను రెండోదానికే ఓటేసేవాణ్ణి. అరగంట తిరక్కుండానే అదంతా రాక్షసి బెదిరించి చేయించిందని తేల్చేశారు.

కాబట్టి నా లెక్క: సీన్లు ఏరుకుంటే రెండోది, సినిమా మొత్తంగా మొదటిది. రెండోది చెడ్డది అనేవాళ్ళ మాట నమ్మకు. మన దగ్గర దయ్యం సినిమాకి రెండో భాగం అంటే దయ్యాన్ని కమెడియన్ల చేత తన్నించడమే కదా. దాంతో పోలిస్తే ఇది నిలబడి గెలిచిన సీక్వెల్.

మొదటిదాన్ని ఇంకోసారి చూడు, ఈసారి మీ బావ వాళ్ళింట్లోనే. రాత్రి పదకొండు తర్వాత, ట్యూబ్‌లైటు ఆర్పి. టీవీలో వివిడ్ అని ఉంటుంది, అది తీసేసి మామూలు సినిమా మోడ్ పెట్టు, లేకపోతే చీకట్లన్నీ బూడిద రంగులో కనపడతాయి. సౌండ్ గుసగుసలు స్పష్టంగా వినపడేంత పెంచు, తలుపు చప్పుడుకి తగ్గించకు. సెల్లార్ సీన్ వచ్చినప్పుడు ఫ్యాను కట్టెయ్యి. మీ అక్క తిడుతుంది, పర్లేదు.

మూడోది చూడాలా అని కూడా అడిగావు. 2021లో వచ్చింది, దానికి వాన్ డైరెక్టర్ కాదు. దాంట్లో కథ హత్య కేసు చుట్టూ తిరుగుతుంది, దయ్యం కొంప అంటూ ఒకటి లేదు. అది పినాకినిలో చూసినా నష్టం లేదు.